కొండ అడవిలో జంతువుల సర్వే: కెమెరా పెట్టాలా, నడవాలా, అడిగి తెలుసుకోవాలా?

ఏటా దసరా సెలవులు అయిపోగానే డిగ్రీ పిల్లలు ఇద్దరో ముగ్గురో నా దగ్గరికి వస్తారు. విజయవాడ పిల్లలైతే కొండపల్లి అడవి అంటారు, గుంటూరు వాళ్లయితే కొండవీడు అంటారు. "అక్కడ ఏమేం జంతువులున్నాయో సర్వే చేద్దామనుకుంటున్నాం సార్, ఎన్ని కెమెరాలు కొనాలి?" అన్నది మొదటి ప్రశ్న. నేను జువాలజీ చెప్పేవాణ్ని కాబట్టి కెమెరాల లెక్క చెప్తానని వాళ్ల ఆశ. నేను మాత్రం ఎదురు ప్రశ్న వేస్తాను. సర్వే అయ్యాక మీ రిపోర్టులో ఏ వాక్యం రాయాలనుకుంటున్నారు?

"ఈ అడవిలో ఫలానా జంతువు ఉంది" అని రాయడం ఒక పని. "కొండకి పడమటి వైపే ఉంది, తూర్పున లేదు" అనడం ఇంకో పని. "ఇన్ని ఉన్నాయి" అనడం మూడోది, "ఐదేళ్లలో తగ్గాయి" అనడం నాలుగోది. నాలుగింటికీ పద్ధతులు వేరు, ఖర్చు వేరు, పట్టే రోజులు వేరు. వీటిలో అన్నిటికంటే కష్టమైనది, చాలామంది తేలిక అనుకునేది, "లేదు" అనే మాట.

కొన్నేళ్ల కిందట మన పక్క జిల్లా కొండ ఒకదాని మీద ఒక బృందం రెండు ఆదివారాలు పొద్దున్నే నడిచి, "పెద్ద క్షీరదాలు లేవు" అని కాగితం రాసిచ్చింది. ఆ కాగితం ఒక ఫైల్లోకి వెళ్లింది. ఆ తర్వాత వచ్చిన ప్రతి ఉత్తరానికీ ఆ రెండు ఆదివారాలే జవాబు అయ్యాయి. కొండ కింద ఊళ్లో మేకల వాళ్లని ఎవరూ అడగలేదు. రాత్రిపూట ఎవరూ ఉండలేదు. కనపడలేదు అని రాయాల్సిన చోట లేవు అని రాసేశారు. పద్ధతి ఎంచుకోవడం గురించి నాకు ఇంత పట్టుదల రావడానికి ఆ కాగితమే కారణం.

నడిచి ఆనవాళ్లు చూడడం

పేదవాడి పద్ధతి అని దీన్ని చిన్నచూపు చూస్తారు. నా మట్టుకు నాకు మన తూర్పు కనుమల ఎండు కొండల్లో మొదట చేయాల్సింది ఇదే. అడుగుజాడలు, పెంట, పెంటికలు, గోళ్ల గీతలు, తవ్విన గుంటలు, రాలిన ముళ్లు, ఇవే సాక్ష్యం. చిరుతని చూడాలంటే అదృష్టం ఉండాలి, చిరుత అడుగు చూడాలంటే ఓపిక చాలు.

ఒక డిసెంబరులో కొండవీడు కొండల దిగువన మేకలు కాసే పెద్దాయన ఒకాయన మమ్మల్ని ఒక బండ దగ్గరికి తీసుకెళ్లాడు. బండ మీద నల్లగా, వేలంత లావున ఎండిపోయిన పెంట. పుల్లతో విప్పి చూస్తే మొత్తం రేగు గింజలే, మధ్యలో రెండు పురుగు రెక్కలు. "మానుపిల్లిది సారూ. రోజూ ఈ బండ మీదికే వచ్చిద్ది, కింద కూసోదు" అన్నాడు. పక్కనే ఇంకా పాతవి మూడు కనపడ్డాయి, ఒకటి ఎండకి తెల్లబడి పొడి అయిపోతోంది. మాతో వచ్చిన అమ్మాయి పక్కన పది రూపాయల బిళ్ల పెట్టి ఫొటో తీసి, జీపీఎస్ రాసుకుంది. మానుపిల్లి పండ్లు తిని గింజల్ని ఇలా బండల మీదా దుంగల మీదా వదిలిపెడుతుందని పుస్తకాల్లో చదివి ఉన్నాం. ఆ రోజు ఆ బండని మాకు చూపించింది మాత్రం మేకల కాపరి.

మన కొండల్లో ఇబ్బంది రాతినేల. అడుగు పడదు. కాబట్టి వాగుల ఇసుక, బండి బాటల దుమ్ము, ఎండుతున్న కుంటల అంచులు చూసుకుంటూ నడవాలి. అలాంటి చోటు లేకపోతే బాటకి అడ్డంగా మీటరు వెడల్పున మెత్తటి మట్టి జల్లెడ పట్టి పరిచి, సాయంత్రం చదును చేసి, తెల్లారి చూడాలి. జల్లెడ, చీపురు తప్ప ఖర్చు లేదు. కుక్కకీ పిల్లిజాతికీ తేడా మాత్రం ముందే నేర్చుకోవాలి. కుక్క అడుగులో గోళ్ల గుర్తు పడుతుంది. చిరుత నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటుంది కాబట్టి పడదు, మడమ దిండు వెనక అంచు మూడు తమ్మెలుగా ఉంటుంది. దుమ్ములగొండికి గోళ్లు పడతాయి, పైగా ముందు అడుగు వెనక అడుగు కంటే బాగా పెద్దది. గుడి ఉన్న ప్రతి కొండ మీదా ఊరకుక్కలు తిరుగుతాయి కనక ఈ తేడా తెలియకపోతే సర్వే మొత్తం తప్పుతుంది.

ఈ నడకకి బలం రావాలంటే చేయాల్సింది ఒకటే. మ్యాపు మీద అడవిని చదరాలుగా గీసుకుని, ఒక్కో చదరానికి కనీసం నాలుగైదు సార్లు వెళ్లి, ప్రతిసారీ దొరికిందా లేదా అని విడిగా రాసుకోవాలి. దీన్ని ఆక్యుపెన్సీ సర్వే అంటారు. ఐదు సార్లు వెళితే రెండు సార్లే దొరికిందంటే ఆ జంతువు మన కంటికి ఎంత తరచుగా తప్పిపోతోందో అంచనా కట్టవచ్చు. ఒక్కసారి మాత్రమే వెళ్లినవాళ్లకి ఆ లెక్క ఎప్పటికీ రాదు. దేశవ్యాప్త పులుల లెక్కలో కూడా ముందు మెట్టు ఇదే. ప్రతి బీటులో, అంటే ఒక గార్డు చూసుకునే అడవి ముక్కలో, అటవీ సిబ్బంది ఐదేసి కిలోమీటర్ల చొప్పున మూడు దారులు నడిచి ఆనవాళ్లు నమోదు చేస్తారు. కెమెరాలు ఆ తర్వాత.

అడిగి తెలుసుకోవడం

మేకల వాళ్లు, తేనె తీసేవాళ్లు, కట్టెలకి వెళ్లే ఆడవాళ్లు, నల్లమలలో అయితే చెంచులు. వీళ్లు ఏడాది పొడుగునా అడవిలో ఉంటారు, మనం పది రోజులు ఉంటాం. అలుగు (పాంగోలిన్), ఏదుపంది, దేవాంగ పిల్లి (స్లెండర్ లోరిస్) లాంటి రాత్రి జంతువుల గురించి మొదటి కబురు దాదాపు ఎప్పుడూ వీళ్ల దగ్గరి నుంచే వస్తుంది.

అడిగే తీరులో జాగ్రత్త కావాలి. "ఇక్కడ అలుగు ఉందా?" అని అడిగితే మొహమాటానికి "ఉంది" అంటారు. పేర్లు చెప్పకుండా పదిహేను ఫొటోలు చూపించి, వాటిలో మన అడవుల్లో పుట్టే అవకాశమే లేని జంతువు ఒకటి, మంచుచిరుతో సింహమో, కలపాలి. దాన్ని కూడా చూశామన్నవాళ్ల మిగతా జవాబుల్ని పక్కన పెట్టాలి. ఎప్పుడు, ఎక్కడ, ఎలా నడిచింది, ఏం తింటోంది అని అడిగితే నిజంగా చూసినవాళ్ల కళ్లలో తెలిసిపోతుంది. ఇంకో సంగతి, వేట మాట ఎత్తకండి. ఎత్తితే ఆ ఊళ్లో ఎవరూ నోరు విప్పరు. వాళ్లు నమ్మి చెప్పిన మాట వల్ల వాళ్లకే ఇబ్బంది వస్తే తప్పు మనదే.

మాటల మీద ఆధారపడి సంఖ్య మాత్రం చెప్పకూడదు. ఎక్కడ వెతకాలో చెప్పడం వరకే దీని పని. ఆ పనిలో దీన్ని మించింది లేదు.

కెమెరా ట్రాప్

అడవిలో కట్టి వదిలేస్తే, ముందు నుంచి జంతువు పోయినప్పుడు తనంతట తనే ఫొటో తీసే కెమెరా ఇది. అందరికీ ఆశ ఉన్నది దీని మీదే. నిజంగానే గొప్ప పరికరం. రాత్రంతా మేలుకుంటుంది, ఎవరి మాటా నమ్మాల్సిన పని లేకుండా సాక్ష్యం ఇస్తుంది. 2018 పులుల లెక్కలో దేశం మొత్తం మీద 26,838 చోట్ల కెమెరాలు పెడితే దాదాపు 3.48 కోట్ల ఫొటోలు వచ్చాయి. వాటిలో పులులవి 76,651. అంటే వెయ్యి ఫొటోలకి రెండు. పులుల కోసమే పెట్టిన చోట ఇదీ పరిస్థితి. మిగతావన్నీ వేరే జంతువులు, పశువులు, మనుషులు, ఊగే గడ్డి. ఆ ఫొటోలన్నీ కూర్చుని చూసే మనిషి గంటల్ని బడ్జెట్లో వేసుకోకుండా కెమెరాలు కొనకండి.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటి ఉంది, అమ్మేవాళ్లు చెప్పరు. ఈ కెమెరా లోపలి సెన్సర్ వేడిలో తేడాని పట్టుకుంటుంది. వెనక ఉన్న నేల కంటే జంతువు ఒళ్లు వేడిగానో చల్లగానో ఉండి, అది కదిలితే ఫొటో తీస్తుంది. మే నెలలో విజయవాడ చుట్టుపక్కల 45 డిగ్రీలు తగిలే రోజులుంటాయి. కొండ బండ పగలంతా కాగి, పొద్దుపోయాక కూడా ఒంటి వేడికి దగ్గరగానే ఉంటుంది. అప్పుడు ముందు నుంచి జంతువు నడిచిపోయినా కెమెరాకి తెలియదు. నిజంగా తిరుగుతున్నదాన్ని లేదని చెప్తుంది. మరి వానలైపోయాక అక్టోబరు, నవంబరులో పెడితే నడుము ఎత్తు గడ్డి. ఎండ తగిలి గాలికి ఊగే ప్రతి గడ్డిపోచకీ ఒక ఫొటో. మేము మొదటిసారి పెట్టినప్పుడు ఐదు రోజులకే మెమరీ కార్డు నిండిపోయింది, అంతా పసుపుపచ్చ గడ్డే. అందుకే మన దగ్గర డిసెంబరు నుంచి మార్చి మొదటివారం దాకా సరైన కాలమని నా అనుభవం. కెమెరా ముందు రెండు మీటర్ల మేర గడ్డి కోసి, ఉత్తరానికో దక్షిణానికో మొహం పెట్టి కట్టండి. తూర్పు పడమరలకి పెడితే పొద్దుటి ఎండ, సాయంత్రపు ఎండ నేరుగా కొడతాయి.

ఎత్తు కూడా జంతువుని బట్టే. చిరుత కోసమైతే మోకాలి ఎత్తు, సుమారు 40 సెంటీమీటర్లు. అలుగు, ముంగిస, చిన్న పిల్లిజాతి కోసమైతే జానెడు. అన్నిటికీ సరిపోయే ఎత్తు అంటూ లేదు.

ఇక ఎన్ని రాత్రులు? ఇక్కడ చిన్న లెక్క వేసుకోండి. ఒక కెమెరా ముందుకి ఒక రాత్రిలో అలుగు వచ్చే అవకాశం నూటికి మూడు అనుకుందాం. 30 రాత్రులు పెట్టి తీసేస్తే, అలుగు అక్కడే తిరుగుతున్నా ఒక్క ఫొటో కూడా రాకుండా పోయే అవకాశం నూటికి 40. వంద రాత్రులు ఉంచితేనే అది ఐదుకి దిగుతుంది. అదే రోజూ తిరిగే నక్కకి, రాత్రికి నూటికి పది అవకాశం ఉందనుకుంటే, 30 రాత్రుల్లోనే తప్పిపోయే అవకాశం నాలుగుకి వస్తుంది. కాబట్టి నెల రోజుల కెమెరా సర్వే నక్క విషయంలో "లేదు" అనడానికి సరిపోవచ్చు, అలుగు విషయంలో అస్సలు చాలదు. ఒకే రిపోర్టులో రెండింటికీ ఒకే మాట రాయడం తప్పు.

సంఖ్య చెప్పాలంటే పద్ధతి మారుతుంది. పులికి చారలు, చిరుతకి మచ్చలు మనిషి వేలిముద్రల్లా ఏ రెండింటికీ ఒకేలా ఉండవు. ఎడమ పక్క ఒకలా, కుడి పక్క ఒకలా ఉంటాయి కాబట్టి ఎదురెదురుగా రెండు కెమెరాలు పెట్టాలి. మళ్లీ మళ్లీ ఎన్ని దొరికాయి, కొత్తవి ఎన్ని వచ్చాయి అన్నదాన్ని బట్టి మొత్తం అంచనా వేస్తారు. పులుల పరిశోధకుడు ఉల్లాస్ కారంత్ 1990లలో కర్ణాటక నాగర్‌హొళెలో పులుల మీద దీన్ని నిలబెట్టారు. అంతకుముందు దేశమంతా పగ్‌మార్క్ లెక్కే. ఒక్కో అడుగుని గాజు పలక మీద గీసి, ఇది ఫలానా పులిది అని మనుషులే తేల్చేవాళ్లు. రాజస్థాన్‌లోని సరిస్కాలో కాగితం మీద పులులు ఉంటూనే ఉన్నాయి, 2005కి చూస్తే అడవిలో ఒక్కటీ మిగల్లేదు. ఆ దెబ్బ తర్వాతే 2006 నుంచి నాలుగేళ్లకోసారి కెమెరాల లెక్క మొదలైంది. 2006లో 1,411గా అంచనా వేసిన పులులు 2022కి 3,682 అయ్యాయి.

ఎలుగుబంటికి ఈ లెక్క పనికిరాదు. ఒళ్లంతా నలుపు, ఒకదాన్నుంచి ఇంకోదాన్ని ఫొటోలో వేరుచేయలేం. అడవిపందికీ, కణితికీ (సాంబార్ జింక) అంతే. "వంద రాత్రులకి ఇన్ని ఫొటోలు" అని చెప్పుకోవచ్చు గానీ, ఒకే పంది పదిసార్లు వచ్చిందో పది పందులు ఒక్కోసారి వచ్చాయో ఆ అంకెకి తెలియదు.

ఒక ముఖ్యమైన మాట. కెమెరాలో మనుషులు పడతారు. కట్టెలకి వచ్చిన ఆడవాళ్లు, కల్లు గీసేవాళ్లు, ఒక్కోసారి పక్కకి వెళ్లి కూర్చున్నవాళ్లు. ఆ ఫొటోలు ఎవరికీ చూపించకూడదు, వాట్సాప్‌లో అసలే పెట్టకూడదు. ఊళ్లో పెద్దలకి ముందే చెప్పి, కెమెరా ఉన్న బాట చూపించండి. మేము చెప్పిన ఊళ్లలో ఒక్క కెమెరా కూడా పోలేదు. చెప్పకుండా పెట్టిన చోట రెండు పోయాయి.

మిగతావి

లైన్ ట్రాన్సెక్ట్ అంటే తెల్లవారగానే తిన్నటి దారిలో నడుస్తూ, కనపడ్డ ప్రతి మందకీ దూరం, కోణం కొలిచి సాంద్రత కట్టడం. దుప్పులు, కణుతులు, కొండముచ్చుల సంఖ్యకి ఇది మంచి పద్ధతి. కానీ లెక్క నమ్మేలా ఉండాలంటే ఒక్కో జాతికి 60 నుంచి 80 సార్లయినా కనపడాలి. నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం లాంటి చోట సిబ్బందితో కలిసి చేస్తే వస్తాయి. కొండపల్లిలో నెల నడిచినా రావు. పైగా నిటారైన కొండ మీద తిన్నగా నడవలేక అందరూ గట్టు వెంట ఉన్న కాలిబాటే పడతారు. బాట పక్కన ఉండేవి, బాటకి దూరంగా పోయేవి వేరు కాబట్టి లెక్క వంకరపోతుంది. చిన్న కొండలకి దీన్ని నేను సలహా ఇవ్వను.

పెంటలో డీఎన్‌ఏ చూడడం ఇప్పుడు బాగా వచ్చింది. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన వన్యప్రాణి ప్రయోగశాల ల్యాకోన్స్ లాంటి చోట్ల పెంట నుంచే అది ఏ జాతిదో, ఆ జాతిలో ఏ ఒక్క జంతువుదో తేల్చగలరు. ఎండకి డీఎన్‌ఏ త్వరగా పాడవుతుంది. తాజాది, తెల్లవారుజామున తీసినది, సిలికా జెల్‌లోనో ఆల్కహాల్‌లోనో దాచినది కావాలి. లిఖిత అనుమతి లేకుండా పెంట కూడా ఏరకూడదు.

దేవాంగ పిల్లికి రాత్రిపూట ఎర్ర కాగితం చుట్టిన టార్చితో నడిచి కళ్ల మెరుపు చూడడమే దారి, చెట్టు మీదుండే దానికి నేల మీది కెమెరా ఏం చేస్తుంది? గబ్బిలాలకి వాటి కూత పట్టే డిటెక్టర్. ఎలుకలు, చుంచులకి ప్రాణంతో పట్టే పెట్టెలు. ఇవి తెలిసినవాళ్ల పక్కన నేర్చుకున్నాకే.

స్థితి చెప్పేటప్పుడు ఏ జాబితా?

పిల్లలు ఎక్కువ తడబడేది ఇక్కడే. రెండు జాబితాలున్నాయి, వాటి పనులు వేరు. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ వేసే రెడ్ లిస్ట్ ప్రపంచం మొత్తానికి ఒక జాతి ఎంత ప్రమాదంలో ఉందో చెప్తుంది. పదేళ్లలో గానీ మూడు తరాల్లో గానీ, ఏది ఎక్కువైతే అంతలో, 30 శాతం తగ్గితే వల్నరబుల్, 50 శాతం తగ్గితే ఎండేంజర్డ్, 80 శాతం తగ్గితే క్రిటికల్ అన్నది వాళ్ల కొలతల్లో ఒకటి. దాని ప్రకారం పెద్దపులి, రేసుకుక్క, మన అలుగు ఎండేంజర్డ్. చిరుత, ఎలుగుబంటి, కణితి, కొండగొర్రె (నాలుగు కొమ్ముల జింక), అడవిదున్న వల్నరబుల్. దుమ్ములగొండి దానికి ఒక మెట్టు కింద. చుక్కల దుప్పి, అడవిపంది, నక్క ప్రస్తుతానికి ఫరవాలేదన్న వరసలో (లీస్ట్ కన్సర్న్) ఉన్నాయి.

రెండోది మన 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూళ్లు. ఇది శిక్షల సంగతి. 2022లో సవరించారు, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆరు షెడ్యూళ్లు నాలుగయ్యాయి, పీడ జంతువులన్న పాత జాబితా పోయింది. ఇంటర్నెట్లో ఇప్పటికీ పాత షెడ్యూల్ నంబర్లే తిరుగుతున్నాయి. రిపోర్టులో అవి దించితే తప్పు. రెండు జాబితాలూ ఒకటి కాదనడానికి మన రాష్ట్ర జంతువు కృష్ణజింకే చాలు. రెడ్ లిస్ట్‌లో లీస్ట్ కన్సర్న్, మన చట్టంలో అన్నిటికంటే గట్టి రక్షణ ఉన్న మొదటి షెడ్యూల్.

ఈ రెండింట్లోనూ లేనిది మీ కొండ సంగతి. ప్రపంచంలో నక్కకి ఢోకా లేదని రాసి ఉండొచ్చు. మీ కొండ చుట్టూ క్వారీలు, వెంచర్లు వచ్చి, ఇరవై ఏళ్ల కిందట ప్రతి రాత్రీ వినపడిన కూత ఇప్పుడు వినపడడం లేదని ఊరంతా చెప్తుంటే, "లీస్ట్ కన్సర్న్" అని ఒక్క ముక్క రాసి ఊరుకోవడం అన్యాయం. మూడు గడులు పెట్టండి, ప్రపంచ స్థితి, చట్టం, ఈ కొండ. మూడో గడి నింపగలిగేది మీరొక్కరే.

నన్ను ఎంచమంటే

చేతిలో పదివేలు, నలుగురు మనుషులు ఉంటే కెమెరా వైపు చూడకండి. ఊళ్లలో అడగడం, చదరాలు గీసి నడవడం, ఐదు విడతలు, డిసెంబరు నుంచి ఫిబ్రవరి. ఏ జంతువు ఉందో, కొండకి ఏ వైపు తిరుగుతోందో రెండూ వస్తాయి.

లక్ష దాకా ఉంటే అదే పని చేసి, ఆనవాళ్లు దొరికిన చోట్లే ఐదారు కెమెరాలు పెట్టండి. ఎక్కువ కెమెరాలు నెల రోజులు ఉంచడం కంటే తక్కువ కెమెరాలు మూడు నెలలు ఉంచడం అరుదైన జంతువుకి మేలు. సంఖ్య కావాలంటే సొంతంగా వద్దు, అటవీ శాఖ చేసే లెక్కలో వాలంటీర్లుగా చేరండి. పులుల లెక్కలో రెండు చదరపు కిలోమీటర్లకో జత కెమెరాలు పెడతారు. అంత సరంజామా బయటివాళ్లకి సాధ్యం కాదు. తగ్గుతున్నాయా పెరుగుతున్నాయా అన్నదే మీ ప్రశ్న అయితే, పద్ధతి ఏదైనా ఫరవాలేదు గానీ ఏటా అదే నెల, అవే దారులు, అంతే నడక. మధ్యలో మెరుగైన పద్ధతి దొరికిందని మారిస్తే పాత ఏళ్లన్నీ పనికిరాకుండా పోతాయి.

ఏది ఎంచుకున్నా అనుమతి ముందు. రిజర్వు ఫారెస్టులోకి చెప్పకుండా వెళ్లడం 1967 నాటి మన రాష్ట్ర అటవీ చట్టం కింద నేరం. అభయారణ్యమైతే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి కావాలి. డిసెంబరులో మొదలుపెట్టాలంటే ఆగస్టులోనే దరఖాస్తు ఇవ్వండి. అందులో పద్ధతి, దారుల మ్యాపు, మనుషుల పేర్లు, ఫొటోలు ఎవరి దగ్గర ఉంటాయి అన్నది స్పష్టంగా రాయండి. అలుగు, చిరుత దొరికిన చోటు జీపీఎస్ అధికారులకి మాత్రమే ఇవ్వండి. ఫోన్లో తీసిన ఫొటో లోపలే చోటు దాగి ఉంటుంది కాబట్టి, ఎవరికి పంపినా ముందు అది తీసేయండి.

ఇక నోట్‌బుక్‌లో తేదీ, దారి, ఎక్కిన సమయం, దిగిన సమయం, వాతావరణం, ఎవరెవరు నడిచారు అన్నది ప్రతి రోజూ రాయండి. ఏమీ దొరకని రోజు "ఏమీ దొరకలేదు, ఆరు కిలోమీటర్లు, రెండోసారి" అని రాయండి. మొదట్లో చెప్పిన ఆ రెండు ఆదివారాల కాగితంలో ఎన్ని కిలోమీటర్లు నడిచారో రాయలేదు.